హీబ్రూ శాస్త్రములలో దైవభీతి - శబ్దార్థ విచారము

ఒక జాతివారి మతగ్రంథమును మఱియొక భాషలో చదువువారికి కలుగు చిక్కులలో మొదటిది శబ్దమునకు సంబంధించినది. మూలపదమునకు గల అర్థములలో ఒక్కటి మాత్రమే అనువాదమున నిలిచి తక్కినవి జాఱిపోయినచో, పాఠకుడు ఆ గ్రంథమున లేని సిద్ధాంతమును దానికి అంటగట్టును. యూదుల పవిత్రగ్రంథములను గూర్చి చిరకాలముగా ప్రచారమున నున్న ఒక అభిప్రాయము ఇట్టిదే. ఆ గ్రంథములలోని దేవుడు కేవలము భయంకరుడనియు, ఆయనకు జనులు చేయు ఆరాధనము దండనభయమున పుట్టినదనియు, ప్రేమకు అందు తావు లేదనియు పలువురు తలంచుదురు. భయమును చెప్పు వాక్యములు ఆ గ్రంథములలో విస్తారముగా నున్న మాట నిజమే. అయితే ఆ భయము ఎట్టిది, దేనివలన పుట్టినది, దేనియందు పర్యవసించినది అను మూడు ప్రశ్నలకు సమాధానము మూలశబ్దముల నుండియే లభింపవలెను.

యూదుల లెక్క ప్రకారము ఈ గ్రంథములు 24. అవి తోరా, నెవియీం, కెతువీం అని మూడు విభాగములు. తోరా యనగా ఉపదేశము. నెవియీం ప్రవక్తల గ్రంథములు. కెతువీం తక్కిన రచనలు. ఈ మూటి తొలియక్షరములు కూడి 'తనఖ్' అను పేరు ఏర్పడినది. దానియేలు, ఎజ్రా గ్రంథములలోని కొన్ని భాగములు అరామిక్ భాషలో నుండగా, ఇంచుమించు తక్కినదంతయు హీబ్రూ భాషయే. హీబ్రూ పదములు సాధారణముగా మూడేసి హల్లులు గల మూలరూపముల నుండి పుట్టును. ధాతువును పట్టుకొని ప్రత్యయభేదముచే అర్థభేదమును నిర్ణయించు అలవాటుగల సంస్కృతాధ్యేతకు ఈ నిర్మాణము పరాయిదిగా తోచదు. ప్రస్తుత విషయమునకు మూడు శబ్దములు ముఖ్యములు: కాదోష్, కావోద్, యిర్‌ఆ.

1. కాదోష్

తెలుగు బైబిలులో 'పరిశుద్ధము' అని అనువదింపబడిన పదమునకు మూలము 'కాదోష్'. దీని ధాతువునకు 'వేఱుపఱచుట' అని మూలార్థమును పలువురు పండితులు చెప్పిరి. వ్యుత్పత్తి విషయమున వివాదమున్నను, ప్రయోగమును పరిశీలించినచో ఆ అర్థము సర్వత్ర పొసగుచునే యున్నది. సామాన్యవ్యవహారము నుండి తొలగించి దేవునికై ప్రత్యేకింపబడినది కాదోష్. దీనికి వ్యతిరేకము 'హోల్', అనగా సామాన్యము.

లేవీయకాండము 10వ అధ్యాయమున యాజకులకు విధింపబడిన కర్తవ్యమొకటి ఇచ్చట గమనింపదగినది. వారు కాదోష్‌ను హోల్ నుండియు, తాహోర్‌ను తామే నుండియు వేఱుచేసి తెలిసికొనవలెను. తాహోర్ యనగా శుద్ధము. తామే యనగా అశుద్ధము. కావున రెండు ద్వంద్వములు స్పష్టముగా వేఱువేఱుగా చెప్పబడినవి. శుద్ధమైనదెల్ల కాదోష్ కాదు. శుభ్రముగ నున్న పాత్ర తాహోర్ కావచ్చును. దేవాలయసేవకు అర్పింపబడిననాడు మాత్రమే అది కాదోష్ అగును. సంస్కృతమున శుధ్ ధాతువు వలన శుద్ధ శబ్దమును, పూఞ్ ధాతువు వలన పవిత్ర, పావన శబ్దములును ఏర్పడినవి. ఇవన్నియు మాలిన్యనివృత్తినే ప్రధానముగా తెలుపును. అందుచే 'పరిశుద్ధ' శబ్దము తాహోర్‌కు సన్నిహితమై, కాదోష్‌లోని ప్రత్యేకతను పూర్తిగా అందింపజాలదు. అనువాదకుడు 'పరి' అను ఉపసర్గచే ఆ కొఱతను తీర్ప యత్నించినట్లు కనబడుచున్నది. ఈ భేదమును అధ్యాపకుడు విడమఱచి చెప్పనిచో విద్యార్థికి మూలార్థము అందదు.

తోరాలో ఈ ధాతువు మొదట ప్రయోగింపబడిన స్థలము మఱింత ఆసక్తికరమైనది. సృష్టికథాంతమున దేవుడు ఏడవ దినమును పవిత్రము చేసెనని చెప్పబడినది. పర్వతమును, నదియును, ఆలయమును గాక, ఒక కాలఖండము మొదట పవిత్రమైనది. ఈ విశేషమును అబ్రహాం జాషువా హెషెల్ అను యూదు పండితుడు 1951లో విశ్రాంతిదినమును గూర్చి వ్రాసిన గ్రంథమున ప్రధానముగా నిరూపించెను. ఆలయము రెండుమాఱులు ధ్వంసమైనను, అనగా క్రీ.పూ. 586లోను క్రీ.శ. 70లోను కూలిపోయినను, యూదుల పావిత్ర్యభావన నశింపక నిలుచుటకు ఇది యొక కారణము.

2. కావోద్

దేవుని మహిమను తెలుపు హీబ్రూ పదము 'కావోద్'. దీని ధాతువునకు బరువుగా నుండుట అని అర్థము. సంస్కృతమున గురు శబ్దమునకు బరువైనది యను అర్థముండుటయు, దాని నుండియే గౌరవ శబ్దము ఏర్పడుటయు వైయాకరణులకు విదితము. పరస్పర సంబంధములేని రెండు భాషాకుటుంబములు పూజ్యతను బరువుతో పోల్చి చెప్పుట మానవానుభవసామ్యము వలననే యని ఊహింపవలెను. తేలికయైన దానిని ఎవ్వడును లెక్కచేయడు. బరువైన దాని సమక్షమున మనుష్యుడు తనంతట తానే అడుగు నెమ్మదించును.

కాదోష్, కావోద్ అను రెండు శబ్దములును ఒక్కచోట కూడిన సన్నివేశము యెషయా గ్రంథము 6వ అధ్యాయమున గలదు. ఉజ్జియా రాజు మరణించిన సంవత్సరమున, అనగా సుమారు క్రీ.పూ. 740లో, ప్రవక్త ఆలయమున ఉన్నతసింహాసనమును దర్శించెను. దేవుని రూపము వర్ణింపబడలేదు. ఆయన వస్త్రపు అంచులే ఆలయమంతయు నిండెనని మాత్రము చెప్పబడినది. ఆఱేసి ఱెక్కలు గల సెరాపులు రెండిటితో ముఖములను, రెండిటితో పాదములను కప్పుకొని, రెండిటితో ఎగురుచు, కాదోష్ అను పదమును ముమ్మాఱు ఉచ్చరించి, భూమియంతయు ఆయన కావోద్‌తో నిండియున్నదని ఘోషించిరి. గడప కమ్ములు కదలెను. మందిరము పొగతో నిండెను. లోకము నుండి వేఱైనవాని మహిమ లోకమంతట నిండియుండుట ఈ దర్శనమునందలి రహస్యము. పార్థక్యమును వ్యాప్తియు ఒకే వాక్యమున చెప్పబడినవి.

అప్పుడు ప్రవక్త తన పెదవులు అపవిత్రములని విలపించెను. ఆయన తన మరణమునకు మాత్రమే వెఱచియుండినచో పెదవుల ప్రసక్తి రాదు. అయోగ్యతాజ్ఞానము ఆ భయమునకు కారణము. సెరాపులలో నొకడు బలిపీఠము నుండి నిప్పుకణికను తెచ్చి ఆయన పెదవులకు తగిలించుటతో దోషము తొలగెను. వెనువెంటనే, తన పక్షమున పోవువాడెవడను దైవవాణి వినబడగా, తన్ను పంపుమని ప్రవక్త ముందునకు వచ్చెను. వణకినవాడే సేవకు సిద్ధపడెను. ఉజ్జియా రాజు యాజకులకు మాత్రమే విహితమైన ధూపమును తానే వేయదలచి ఆలయమున ప్రవేశించి కుష్ఠరోగగ్రస్తుడయ్యెనని దినవృత్తాంతముల రెండవ గ్రంథము చెప్పుచున్నది. గర్వముతో ప్రవేశించిన రాజు మరణించిన యేటనే వణకుచు నిలిచిన ప్రవక్తకు దర్శనము లభించుట పాఠకుని దృష్టిని తప్పింపరాదు.

3. యిర్‌ఆ

ఇక ప్రధానశబ్దమైన 'యిర్‌ఆ'. శత్రువును, మృత్యువును, క్రూరమృగమును చూచినపుడు కలుగు భయమునకును, దేవునియందు కలుగు భక్తిపూర్వకమైన సంకోచమునకును హీబ్రూ భాష ఈ ధాతువునే వాడును. 'పహద్', 'ఏమా' అను పదములు భీతి, దిగులు అను అర్థములలో నున్నవి. అయితే విధిరూపమున పదేపదే వచ్చునది యిర్‌ఆ ధాతువే.

ఈ ధాతువునకు గల ద్వివిధార్థము నిర్గమకాండము 20వ అధ్యాయమున ఒకే వాక్యమున తేటపడుచున్నది. సీనాయి పర్వతముచుట్టు హద్దులు ఏర్పఱుపబడెను. మనుష్యుడుగాని పశువుగాని ఆ కొండను తాకరాదని శాసనము. ఉఱుములు, మెఱుపులు, కొమ్ముబూరధ్వని, కొలిమి నుండి లేచునట్టి పొగ - వీటిని చూచి ప్రజలు వణకి దూరముగా నిలిచి, దేవుడు తమతో మాటలాడినచో చత్తుమేమో యని మోషేను వేడుకొనిరి. మోషే వారికిచ్చిన సమాధానము రెండు భాగములుగా నున్నది. భయపడవలదనుట మొదటిది. పాపము చేయకుండుటకై దైవభయము వారి యెదుట నుండవలెనని దేవుడు వచ్చెననుట రెండవది. రెండు చోట్లను ధాతువొక్కటే. ఒక భయమును విడువుమని, మఱియొక భయమును పట్టుకొనుమని ఒకే నోట చెప్పబడినది. మొదటిది ప్రాణభీతి, అది మనుష్యుని దూరముగా తఱుమును. రెండవది దేవుని సన్నిధిని మఱువని ఎఱుక. అది మనుష్యుని నడవడిని నిలుపును. ఈ వాక్యమును అన్వయించుకొన్నవానికి దండనభయమే యూదుల మతమను అభిప్రాయము నిలువదు.

ద్వితీయోపదేశకాండము 10వ అధ్యాయమున దేవుడు ఇశ్రాయేలీయులనుండి కోరునదేమి యను ప్రశ్నకు చెప్పబడిన ఉత్తరమున, యిర్‌ఆయు ప్రేమయు ఒకే వరుసలో నున్నవి. 130వ కీర్తన మఱియొక అడుగు ముందునకు వేసినది. దేవునియొద్ద క్షమ యున్నది గనుక ఆయనయందు యిర్‌ఆ కలుగుచున్నదని దాని భావము. దండనమే హేతువైనచో క్షమ వలన భయము తగ్గవలెను. ఇచ్చట క్షమయే దానిని పుట్టించుచున్నది. 12వ శతాబ్దికి చెందిన మైమోనిడీస్ తన ధర్మశాస్త్రసంగ్రహమున, సృష్టివైభవమును మననము చేయువానికి మొదట ప్రేమ కలుగుననియు, ఆ మననమునందే తన అల్పత్వము స్ఫురించి వెనుకకు జంకుననియు వివరించెను. తాల్ముదు నందలి ఒక ప్రసిద్ధవచనము ప్రకారము సమస్తము దైవాధీనమే. దైవభీతి యొక్కటి మాత్రము మనుష్యాధీనము. బలముచే పుట్టింపదగినదైనచో అది మనుష్యునకు విడువబడియుండదు.

యోబు గ్రంథారంభమున ఆరోపకుడు వేసిన ప్రశ్నయు దీనికే సంబంధించినది. యోబు దేవునియందు భయభక్తులు కలిగియుండుట 'హిన్నామ్', అనగా ఊరకయేనా? సంపదలకు ప్రతిఫలముగా కాదా? నిష్కామభావమును గూర్చి విచారించు భారతీయ పండితునకు ఈ ప్రశ్న సుపరిచితము. సంపదను, సంతానమును, ఆరోగ్యమును కోల్పోయిన యోబు దేవుని ముఖాముఖిగా ప్రశ్నించెను. సుడిగాలిలో నుండి వచ్చిన సమాధానము భూమ్యాకాశముల నిర్మాణమును, సముద్రపు కట్టలను, అడవిమృగముల జీవనమును చూపి మానవజ్ఞానపు పరిమితిని తెలిపినది. అంతటితో యోబు మౌనము వహించెను. అయినను దేవుడు, తన్ను సమర్థించిన మిత్రుల మాటలకంటె యోబు మాటలే యథార్థములని తీర్పు చెప్పెను. యిర్‌ఆ ప్రశ్నను నిషేధింపదనుటకు ఇది ప్రబలనిదర్శనము.

4. కఠినస్థలములు

ఈ సమన్వయమునకు లొంగని కథలును కలవు. అహరోను కుమారులైన నాదాబు, అబీహులు విధింపబడని అగ్నిని సన్నిధికి తెచ్చి దగ్ధులైరి. తండ్రి మౌనము వహించెను. దావీదు నిబంధన మందసమును యెరూషలేమునకు తెచ్చునపుడు ఎడ్లు తొట్రుపడగా, మందసము పడిపోవునేమోయని చేయి చాచి పట్టుకొన్న ఉజ్జా అచ్చటనే మరణించెను. అతని ఉద్దేశము మంచిదే యని చదువరికి తోచును. దావీదునకును ఆ సంఘటనము దుఃఖమును, భయమును కలిగించెనని గ్రంథమే చెప్పుచున్నది. దినవృత్తాంతముల మొదటి గ్రంథము దీనికి కారణమును విధిలోపమున చూపినది. మందసమును లేవీయులు మోతకఱ్ఱలతో భుజములపై మోయవలెను, తాకరాదు. ఆనాడు బండిమీద నెక్కించిరి. ఈ వివరణముచే కాఠిన్యము తగ్గునేగాని పోదు. అటుపిమ్మట ఆ మందసమే ఓబేదెదోము ఇంట మూడు నెలలుండి ఆ కుటుంబమునకు శుభము కలిగించెను. తాకినవానిని దహించునదియు, ఆశ్రయమిచ్చినవానిని కాపాడునదియు ఒక్కటే. అగ్నికిని ఇట్టి స్వభావమే కలదు. పావిత్ర్యము గ్రంథకర్తల దృష్టిలో భావన మాత్రము కాదు, ఒక శక్తి. దానిని సమీపించుటకు మార్గము కలదు. ఆ మార్గమే విధి. ప్రధానయాజకుడు సైతము ఏటికొక్క దినమున, ప్రాయశ్చిత్తదినమున మాత్రమే గర్భాలయమున ప్రవేశింపవలెనను నియమము దీనినుండి పుట్టినది.

శక్తియెల్లప్పుడును ఘోరరూపమున వచ్చుననియు అనుకొనరాదు. హోరేబు పర్వతమున ఏలీయా ఎదుట పెనుగాలి, భూకంపము, అగ్ని వరుసగా వచ్చినవి. వాటిలో దేవుడు లేడు. పిదప వినబడినది మిక్కిలి సన్నని, నిశ్శబ్దమునకు సమానమైన ధ్వని. ఏలీయా అప్పుడే ముఖమును దుప్పటితో కప్పుకొనెను. మండుచున్నను కాలిపోని పొద యెదుట మోషేయు చెప్పులు విడిచి, ముఖమును కప్పుకొనెను. పవిత్రస్థలమున పాదరక్షలు విడుచు ఆచారము భారతీయులకు వివరింపనక్కఱలేదు.

5. ధర్మమున పర్యవసానము

పావిత్ర్యము ఆలయమునకే పరిమితమైనచో ఈ విచారము కర్మకాండతో ముగిసియుండును. లేవీయకాండము 19వ అధ్యాయము దానిని పొలములోనికిని, బజారులోనికిని తెచ్చినది. దేవుడు పవిత్రుడు గనుక ప్రజలును పవిత్రులు కావలెనను ఆజ్ఞ అచ్చట యాజకులకు గాక సర్వసమాజమునకు చేయబడినది. వెంటనే వచ్చు విధులివి: పొలపు అంచులలోని పంటను బీదలకును పరదేశులకును విడిచిపెట్టవలెను, కూలివాని కూలిని తెల్లవాఱువఱకు నిలిపియుంచరాదు, తూనికలు, కొలతలు న్యాయముగా నుండవలెను, చెవిటివానిని తిట్టరాదు, గ్రుడ్డివాని త్రోవలో అడ్డము వేయరాదు.

చివరి రెండు విధులతో దేవునికి భయపడవలెనను మాట చేర్చబడినది. వృద్ధుని యెదుట లేచి నిలువవలెనను విధితోను అదే మాట. అప్పులపాలై సేవకుడైనవానిని కఠినముగా ఏలరాదని 25వ అధ్యాయమున చెప్పినచోటను అదే మాట. చెవిటివానికి తిట్టు వినబడదు. గ్రుడ్డివానికి అడ్డము వేసినవాడు కనబడడు. ఏ న్యాయాధిపతియు తెలిసికొనజాలని తావులందు యిర్‌ఆ స్మరింపబడినది. దుర్బలునకు హాని చేసినవాని మనస్సు ఇతరులకు తెలియదుగనుక, ఆ మనస్సునెఱిగినవాని ప్రసక్తి వచ్చెనని 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషి వివరణ సారము. ఇదే అధ్యాయమున తల్లిదండ్రులయందును యిర్‌ఆ విధింపబడినది. పది ఆజ్ఞలలో వారికే కావోద్ ధాతువు వాడబడినది. తల్లిని చూచి పాఱిపొమ్మని ఏ శాస్త్రమును చెప్పదు గదా! తాల్ముదు ఆచార్యులు తల్లిదండ్రుల ఆసనమున కూర్చుండకుండుటను, వారి మాటకు ఎదురాడకుండుటను యిర్‌ఆగను, అన్నవస్త్రము లిచ్చి సేవించుటను కావోద్‌గను విభజించిరి.

ఈ భయము ఇతరభయములను పోగొట్టునదిగా కూడ చూపబడినది. పుట్టిన మగశిశువులను చంపుడని ఫరో ఆజ్ఞాపింపగా, షిఫ్రా, పూయా అను మంత్రసానులు దేవునికి భయపడి రాజాజ్ఞను పాటింపరైరి. సింహాసనమున నున్నవానికంటె గొప్పవాడున్నాడని యెఱిగినవారికి సింహాసనము నుండి వచ్చు భయము లేదు.

6. నామగౌరవము, అనువాదసమస్య

దైవనామము విషయమున యూదులు పాటించు నియమము యిర్‌ఆకు వాఙ్మయరూపము. నాలుగు హల్లులతో వ్రాయబడు ఆ నామమును పఠనమున ఉచ్చరింపక, దానికి బదులు 'ప్రభువు' అను అర్థముగల 'అదోనాయ్' శబ్దమును పలుకుదురు. 1947 మొదలు మృతసముద్రతీరమున లభించిన కొన్ని చుట్టలలో ఆ నాలుగక్షరములు మాత్రము ప్రాచీనలిపిలో వ్రాయబడియున్నవి. గ్రీకు అనువాదమున 'కురియోస్', అనగా ప్రభువు, అను పదము నిలిచినది. మధ్యయుగములో మసోరా పండితులు స్వరచిహ్నములు చేర్చునపుడు, ఆ హల్లులకు అదోనాయ్ శబ్దపు స్వరములను జోడించిరి. ఈ సంకేతము నెఱుగని పాశ్చాత్యులు రెండింటిని కలిపి చదువగా ఏర్పడిన రూపమే తెలుగు బైబిలులోని 'యెహోవా'.

యిర్‌ఆకు తెలుగు అనువాదకులు గ్రహించిన సమాసము 'భయభక్తులు'. ఇది మిక్కిలి సమర్థమైన ఎన్నిక. కేవలము 'భయము' అనినచో సీనాయి యొద్ద మోషే విడువుమన్నదే మిగులును. కేవలము 'భక్తి' యనినచో వణకు పోవును. అయినను ఒక విశేషము చెప్పవలెను. ద్వంద్వసమాసమున రెండు పదములును ప్రధానములు. అందుచే భయమొకటి, భక్తి యొకటి యని రెండు వస్తువులు స్ఫురించును. మూలమున పదమొక్కటే, అనుభవమొక్కటే. కావున సమాసము ద్వంద్వమైనను అర్థబోధ ఏకముగా కావలెను.

1917లో 'దాస్ హైలిగె' అను గ్రంథమును ప్రకటించిన రూడాల్ఫ్ ఓటో, భయపెట్టునదియు ఆకర్షించునదియు అయిన ఈ ఒకే అనుభవమును మతమునకు మూలముగా ప్రతిపాదించెను. సంస్కృతజ్ఞుడైన ఆయన భగవద్గీత పదునొకండవ అధ్యాయమును కూడ ఇందుకు ఉదాహరించెను. తైత్తిరీయ, కఠోపనిషత్తులు గాలి, సూర్యుడు, అగ్ని, మృత్యువు పరబ్రహ్మభయము వలననే తమ పనులు చేయుచున్నవని చెప్పుటయు, బ్రహ్మసూత్రములందలి కంపనాధికరణమును ఇచ్చట స్మరణీయములు. అయితే సామ్యమును హద్దు దాటింపరాదు. అద్వైతుల వ్యాఖ్యానమున భేదదర్శనము భయహేతువు; ఏకత్వజ్ఞానముచే భయము నివర్తించును. హీబ్రూ శాస్త్రములలో స్రష్టకును సృష్టికిని గల భేదము ఎన్నటికిని తొలగదు. జ్ఞానము యిర్‌ఆను తొలగింపదు, దానితో ప్రారంభమగును. సామెతల గ్రంథము జ్ఞానమునకు ఆదిగా దీనినే నిలిపినది. రెండు సిద్ధాంతములును తమతమ శబ్దములలోనే అవగతములు కావలెను. ఒకదానిని మఱియొకదానిలో కలిపివేసి ప్రశంసించుటయు, ఒకదానితో మఱియొకదానిని దూషించుటయు పండితమార్గము కాదు.

మొదట చెప్పిన మూడు ప్రశ్నలకు ఉత్తరములు ఇప్పుడు స్పష్టములు. ఆ భయము ప్రాణభీతి కంటె భిన్నమైన సన్నిధిజ్ఞానము. అది కాదోష్ అయినవాని కావోద్‌ను తెలిసికొనుట వలన పుట్టినది. ఎవ్వరును చూడనిచోట గ్రుడ్డివాని త్రోవలో రాయి వేయకుండుటయందు అది పర్యవసించినది.